బండిలో లోపం బయటపడిన తర్వాత...

కిరాయికి కారు నడుపుకొనే ఒక సోదరుడు మమ్మల్ని ఒక మస్‌అలా అడిగారు. ఆయన కారుకు ఎనిమిదేళ్ళు దాటాయి. ఫిట్‌నెస్ కోసం, మన డ్రైవర్ల మాటలో చెప్పాలంటే ‘బ్రేక్’ కోసం, బండి తీసుకెళ్ళారు. ఇన్‌స్పెక్టర్ ముందు చక్రాన్ని జాకీ మీద లేపించి, పైనా కిందా పట్టుకొని ఊపి చూశారు. చక్రం ఊగింది. ఎడమవైపు బాల్ జాయింట్ అరిగిపోయిందని, షాక్ అబ్జార్బర్ నుంచి ఆయిల్ కారుతోందని రాసి, బాగు చేయించుకొని రమ్మన్నారు. గేటు దాటగానే ఒక ఏజెంటు ఎదురై, మెకానిక్‌కు పెట్టే ఖర్చులో సగం తన చేతిలో పెడితే సాయంత్రానికల్లా సర్టిఫికెట్ ఇంటికొస్తుందన్నాడు. ఫైనాన్స్ కంతు దగ్గరపడింది. పిల్లల ఫీజులున్నాయి.

ఆయన అడిగింది లంచం గురించి కాదు. అది హరామని ఆయనకు తెలుసు. ఆయన ప్రశ్న వేరు: “హజ్రత్! నిన్నటి దాకా ఇదే బండిలో నలుగురినీ తిప్పాను. ఏ ప్రమాదమూ జరగలేదు. నిన్న లేని పాపం ఇవాళ ఒక్క కాగితం ముక్కతో ఎలా వచ్చింది?”

ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ ఇది ఒక్క కారుకు సంబంధించింది కాదు. మేడ మీది స్లాబు పగిలిందని మేస్త్రీ చెప్పిన తర్వాత కింది వాటాను అద్దెకివ్వవచ్చా? గ్యాస్ ట్యూబు బీటలు వారిందని చూసిన తర్వాత దాన్ని అలాగే వదిలి వంట మొదలుపెట్టవచ్చా? లోపం తెలియకముందు మనిషికీ, తెలిసిన తర్వాత మనిషికీ మధ్య అల్లాహ్ దృష్టిలో తేడా ఏమిటన్నదే అసలు విషయం.

ముందుగా ఆ లోపం ఎలాంటిదో అర్థం చేసుకోవాలి. వస్తువు తెలియకుండా హుకుం చెప్పడం మన పెద్దలు మెచ్చని పని. సస్పెన్షన్ అంటే కుదుపులు లేకుండా హాయిగా కూర్చోవడానికి చేసిన ఏర్పాటని మనలో చాలామంది అనుకుంటారు. హాయి దాని రెండో పని. మొదటి పని టైరును రోడ్డుకు అంటిపెట్టి ఉంచడం. స్ప్రింగు (పాత జీపుల్లో, లారీల్లో కమాన్ పట్టీలు) బరువును మోస్తుంది. గుంతలో పడి లేచిన స్ప్రింగు బంతిలా ఎగురుతూనే ఉండకుండా షాక్ అబ్జార్బర్ దాన్ని పట్టి ఆపుతుంది. అందులో ఆయిల్ కారిపోతే టైరు రోడ్డు మీద ఎగురుతుంది. గాలిలో ఉన్న టైరు మీద బ్రేకూ పనిచేయదు, స్టీరింగూ పనిచేయదు. ఇక బాల్ జాయింటంటారా, అది మన తుంటి కీలు లాంటిది. గుంటలో ఇమిడిన గుండు. చక్రం పైకీ కిందికీ ఆడుతూనే పక్కలకు తిరగగలిగేది దాని వల్లనే. అది ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా అరుగుతుంది. స్పీడ్ బ్రేకరు దగ్గర టక్కుమని శబ్దం వస్తుంది. టైరు ఒకవైపే అరుగుతుంది. అయినా బండి నడుస్తూనే ఉంటుంది. ఏదో ఒక రోజు ఆ గుండు గుంటలోంచి ఊడి వస్తే చక్రం ఒరిగిపోతుంది, స్టీరింగు డ్రైవరు చేతిలో ఉన్నా బండి మాత్రం అతని చేతిలో ఉండదు. ఊడే క్షణం దాకా నడవడమే ఈ లోపంలోని మోసం. “ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు” అన్న మాట ఇక్కడ సాక్ష్యంగా చెల్లకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇప్పుడు నిన్నటి సంగతి. తెలియక జరిగిన పొరపాటుకు అల్లాహ్ తన దాసుణ్ణి పట్టుకోడన్నది ధర్మంలో స్థిరమైన విషయం. కాబట్టి నిజంగా ఏ ఆనవాలూ లేకుండా లోపల దాగి ఉన్న లోపానికి ఆ సోదరుడు నిన్న పాపి కాదు. అయితే ‘తెలియకపోవడం’ రెండు రకాలు. ఒకటి, తెలుసుకొనే దారి లేక తెలియకపోవడం. రెండోది, తెలిస్తే ఖర్చవుతుందని తెలుసుకోకపోవడం. నెల రోజులుగా టక్ టక్‌మని శబ్దం వస్తుంటే పాట సౌండు పెంచుకొన్నవాడు మొదటి రకంలోకి రాడు. మన దేశపు 1988 మోటారు వాహనాల చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. దాని 190వ సెక్షను ప్రకారం ప్రమాదకరమైన లోపం ఉన్న బండిని తెలిసి నడిపినవాడే కాదు, మామూలు జాగ్రత్త తీసుకొంటే తెలిసి ఉండేదైనా దాన్ని పట్టించుకోకుండా నడిపినవాడూ, నడవనిచ్చినవాడూ నేరస్థులే. ఒకసారి దైవప్రవక్త (స) కడుపు వీపుకు అంటుకుపోయిన ఒక ఒంటెను చూసి, ఈ నోరులేని జీవాల విషయంలో అల్లాహ్‌కు భయపడమని హెచ్చరించిన సంఘటన అబూ దావూద్‌లో ఉంది. ఆ ఒంటె చెప్పుకోలేకపోయింది. కారు ప్రాణి కాకపోయినా ఒక విధంగా చెప్పుకొంటుంది. మనమే వినం.

ఇక ఇవాళ. ఆ సోదరుని ప్రశ్నకు జవాబు సహీహ్ ముస్లింలోని ఒక ప్రసిద్ధ సంఘటనలో ఉంది. దాన్ని మనం ఖుత్బాల్లో ఎన్నోసార్లు విన్నాం, కానీ అందులో ఒక సూక్ష్మాన్ని దాటేసి పోతుంటాం. దైవప్రవక్త (స) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలోకి చేయి పెట్టారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడిందని వ్యాపారి చెప్పాడు. ఆ తడిని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) ప్రశ్నించి, మోసం చేసినవాడితో తనకు సంబంధం లేదని గట్టిగా చెప్పారు. గమనించండి. ధాన్యాన్ని తడిపింది వ్యాపారి కాదు, వాన. ఎందుకు తడిసిందని ప్రవక్త (స) అతణ్ణి నిలదీయలేదు. తడిని అడుగున ఎందుకు ఉంచావన్నదే నిలదీత. లోపం అతని తప్పు కాదు, దాన్ని దాచడం అతని తప్పు.

మన సోదరుని బాల్ జాయింటును అరగదీసింది మన రోడ్లు. అందులో సందేహం లేదు. వానాకాలం తర్వాత మన ఊళ్ళ రోడ్లను చూసినవారెవరూ ఆయన్ని తప్పుపట్టరు. గుంతలు పూడ్చని అధికారులు తమ లెక్క తాము అల్లాహ్ దగ్గర చెప్పుకోవాలి. కానీ ఇన్‌స్పెక్టర్ చేయి పెట్టి ఊపిన క్షణంలో తడి పైకి వచ్చింది. ఇక దాన్ని మళ్ళీ రాశి అడుగుకు తోయడమా, పైన ఉంచి ఆరబెట్టడమా అన్నదే ఆయన ముందున్న పరీక్ష. నిన్న లేని బాధ్యత ఇవాళ వచ్చింది కాగితం వల్ల కాదు, తెలియడం వల్ల.

ఏజెంటు సంగతికి వద్దాం. లంచం ఇచ్చేవాడిపైనా, పుచ్చుకొనేవాడిపైనా శాపం ఉన్నట్లు హదీసుల్లో వచ్చిన మాట ఇంటింటికీ తెలుసు. అయినా మనవాళ్ళలో కొందరు ఒక ఫిఖహ్ మాటను సగం విని అడ్డం పెట్టుకొంటారు: “దౌర్జన్యం నుంచి తప్పించుకోవడానికి ఇస్తే ఇచ్చేవాడికి పాపం లేదు కదా!” ఆ మాట ఉన్నది నిజమే. బండి అన్ని విధాలా సరిగా ఉండి, తనకు న్యాయంగా రావలసిన సర్టిఫికెట్‌ను అధికారి డబ్బు కోసమే తొక్కిపెట్టి, ఫిర్యాదుకు వేరే దారి లేకపోతే, తన హక్కును విడిపించుకోవడానికి ఇచ్చినవాడిపై కాక తీసుకొన్నవాడిపైనే పాపం ఉంటుందని ఫుఖహాలు రాశారు. అయితే ఆ మాటకు పునాది ‘హక్కు’. అరిగిన బాల్ జాయింటుకు ఫిట్‌నెస్ పొందే హక్కు ఎక్కడిది? ఇక్కడ ఇన్‌స్పెక్టర్ చేసింది దౌర్జన్యం కాదు. ఆయన తన కొలువుకు న్యాయం చేశారు, నిజానికి ఒక డ్రైవరు ప్రాణాన్నీ, అతని వెనుక కూర్చొనేవారి ప్రాణాల్నీ కాపాడారు. అలాంటి అధికారికి దుఆ చేయాలి. సౌదీలో పనిచేసే మన కడప, రాయచోటి, నిజామాబాద్ సోదరులు అక్కడి ‘ఫహస్’ తనిఖీకి ముందే బండిని గ్యారేజీలో చూపించుకొని మరీ వెళతారు. అదే మనిషి సెలవుకు ఊరికొచ్చి ఏజెంటును వెతుక్కోవడం మాకు ఎప్పుడూ అర్థం కాదు. అల్లాహ్ రెండు చోట్లా చూస్తూనే ఉన్నాడు కదా!

పోనీ, కాగితం వచ్చిందే అనుకొందాం. అధికారి ముద్ర పడింది కాబట్టి ఇక భారం అధికారిదేనా? ఇద్దరు వ్యక్తులు తగాదాతో తన దగ్గరికి వచ్చినప్పుడు దైవప్రవక్త (స) ఇచ్చిన హెచ్చరికను హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించారు. తాను కూడా మానవుడినేనని, విన్నదాన్ని బట్టి తీర్పు చెబుతానని, మాటనేర్పుతో తన సోదరుని హక్కును ఎవరైనా తనవైపు తిప్పుకొంటే అతడు తీసుకొనేది అగ్నిఖండమేనని దాని భావం. స్వయంగా దైవప్రవక్త (స) తీర్పే లోపలి నిజాన్ని మార్చకపోతే, ఒక ఆఫీసు ముద్ర అరిగిన ఇనుమును కొత్త ఇనుముగా మారుస్తుందా? సర్టిఫికెట్ పోలీసును ఆపుతుంది. చక్రాన్ని ఆపదు.

ఇంకో దారి ఉంది, అది లంచం కన్నా తెలివైనది కాబట్టి ఇంకా చెడ్డది. తనిఖీ రోజు కోసం మంచి టైర్లు అద్దెకు తెచ్చి బిగించుకోవడం, తెలిసినవాడి బండి నుంచి షాక్ అబ్జార్బర్లు విప్పి తగిలించుకోవడం, సర్టిఫికెట్ చేతికి రాగానే తిరిగి ఇచ్చేయడం. దీనికి పేరు పెట్టాల్సిన పని లేదు, పధ్నాలుగు వందల ఏళ్ళ క్రితమే పేరుంది. సంతకు తోలుకెళ్ళే ముందు ఒకటి రెండు పూటలు పాలు పితకకుండా వదిలి, పొదుగు నిండుగా కనిపించేలా చేయడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. మన సంతల్లోనూ ఈ విద్య తెలిసినవారున్నారు. ఆ పశువును వాపసు చేసే పద్ధతిపై ఇమాముల మధ్య చర్చ ఉంది గానీ, ఆ పని మోసమన్న విషయంలో లేదు. తనిఖీ రోజు టైర్లు పితకని పొదుగే.

“ఇదంతా ఎందుకు, బండి అమ్మేస్తాను” అంటారు కొందరు. అమ్మకం ధర్మసమ్మతమే. ఎలా అమ్ముతారన్నదే ప్రశ్న. పాత బండ్ల బజారులో ఒక మాట నలుగుతుంటుంది: “ఉన్నది ఉన్నట్టు, చూసుకొని తీసుకో, తర్వాత నాకు సంబంధం లేదు.” ఈ షరతు గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన హనఫీ ఫిఖహ్ దీన్ని అంగీకరిస్తుంది. అన్ని లోపాల నుంచి తాను విముక్తుడనని అమ్మేవాడు షరతు పెట్టి, కొనేవాడు ఒప్పుకొంటే, ఒక్కొక్క లోపం పేరు చెప్పకపోయినా బేరం చెల్లుతుంది. ఆ తర్వాత లోపం కారణంగా సరుకు వాపసు చేసే హక్కు కొన్నవాడికి ఉండదు. సరే. కానీ ఇది ఖాజీ ముందు తగాదా తేల్చే నియమం. తెలిసి దాచినవాడు అల్లాహ్ ముందు బయటపడతాడని ఇది చెప్పడం లేదు. లోపమున్న వస్తువును దాని సంగతి చెప్పకుండా తోటి ముస్లింకు అమ్మడం హలాల్ కాదన్న భావం గల హదీసు ఇబ్నె మాజాలో ఉంది.

ఈ విషయంలో ముఅత్తాలో ఒక సంఘటన నమోదైంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఒక బానిసను ఇదే షరతు మీద 800 దిర్హమ్‌లకు అమ్మారు. కొన్నవాడు వచ్చి, ఇతనికి జబ్బుంది, మీరు చెప్పలేదన్నాడు. తగాదా ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) దగ్గరికి వెళ్ళింది. అమ్మేనాటికి ఆ జబ్బు సంగతి తనకు తెలియదని ప్రమాణం చేయమని ఉస్మాన్ (రజి) తీర్పు చెప్పారు. ఇబ్నె ఉమర్ (రజి) ప్రమాణం చేయడానికి ఇష్టపడలేదు. బానిసను వెనక్కి తీసుకొన్నారు. అతను ఆయన దగ్గరే కోలుకొన్నాడు, తర్వాత 1500 దిర్హమ్‌లకు అమ్ముడుపోయాడు. లాభం సంగతి వదిలేయండి, ప్రతిసారీ అలా జరగదు. మనం చూడాల్సింది ఉస్మాన్ (రజి) వేసిన ప్రశ్న: ‘నీకు తెలుసా, తెలియదా?’ షరతు ఉందా లేదా అన్నది కాదు. తనిఖీ రిపోర్టు జేబులో పెట్టుకొని “ఉన్నది ఉన్నట్టు” అనేవాడు ఈ ప్రమాణం చేయగలడా?

మన ఇమామ్ అబూ హనీఫా (రహ్) బట్టల వ్యాపారి. లోపమున్న ఒక బట్టను భాగస్వామికి పంపి, అమ్మేటప్పుడు దాని సంగతి చెప్పమన్నారట. భాగస్వామి మరచిపోయి అమ్మేశాడు, కొన్నవాడెవరో తెలియలేదు. ఆ సొమ్మంతా ఇమామ్ గారు సదఖా చేసేశారని ఆయన జీవిత చరిత్రల్లో రాశారు. షరతును చెల్లుతుందన్న ఇమామ్ గారే సొంత దుకాణంలో ఎలా నడుచుకొన్నారో చూడండి. బట్టలో లోపముంటే ఒక చొక్కా పాడవుతుంది, అంతే.

కాబట్టి అమ్మాలనుకొంటే రిపోర్టు చూపించండి. రేటు తగ్గుతుంది. తగ్గనివ్వండి. ఆ తగ్గిన మొత్తం ఎప్పుడూ మీది కాదు.

మెకానిక్ సోదరులకు ఒక మాట. ఈ పనిలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. కస్టమరు బండి కిందికి దూరి చూడలేడు, మీరు చెప్పిందే అతనికి తెలిసేది. బుష్షు మార్చితే సరిపోయేదానికి ఆర్మ్ మొత్తం మార్చాలని చెప్పడమూ, డూప్లికేటు వేసి కంపెనీ సామాను రేటు తీసుకోవడమూ అమానతులో ఖియానతే. పాత సామాను కస్టమరు చేతికివ్వడం మంచి అలవాటు.

అసలు బరువైన ప్రశ్న చివరికి మిగిలింది. ఆ సోదరునికి నిజంగా డబ్బు లేదు. బండి ఆగితే పొయ్యి ఆగుతుంది. అత్యవసరం నిషిద్ధాన్ని సడలిస్తుందని మన ఫిఖహ్‌లోనే ఉంది కదా? ఉంది. ఆకలితో చచ్చేవాడికి మురదార్ తినే సడలింపు ఉంది. కానీ ఫుఖహాలు ఆ నియమం పక్కనే ఇంకో నియమాన్ని రాశారు: ఒక హానిని దానితో సమానమైన మరో హానితో తొలగించకూడదు. తన ఆకలి తీరడానికి ఆకలితో ఉన్న మరొకడి రొట్టె లాక్కొనే సడలింపు ఎవరికీ లేదు. వెనుక సీటులో కూర్చొన్న గర్భిణికి, రోడ్డు దాటే ముసలాయనకు మన కంతు సంగతి తెలియదు. మన పేదరికాన్ని వాళ్ళ ఎముకల మీదికి మార్చే అధికారం మనకు లేదు. దారిలోంచి బాధ కలిగించే వస్తువును తీసివేయడం ఈమాన్‌లో ఒక శాఖ అన్న హదీసు మన పిల్లలకు కంఠస్థం. ముల్లు తీయడం గురించి చెబుతాం, రాయి తీయడం గురించి చెబుతాం. చక్రం ఎప్పుడు ఊడుతుందో తెలియని బండిని దారి మీదికి తెచ్చేవాడు ఆ ముల్లును తానే తెచ్చి వేస్తున్నాడు. ఓ.ఐ.సి. ఆధ్వర్యంలోని అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ 1993లో బ్రూనైలో జరిగిన తన ఎనిమిదవ సమావేశంలో, షరీఅత్‌కు విరుద్ధం కాని ట్రాఫిక్ నియమాలను పాటించడం షరీఅత్ ప్రకారమే తప్పనిసరి అని తీర్మానించింది. బండి వల్ల ఇతరులకు కలిగే ప్రాణనష్టానికి, ఆస్తినష్టానికి నడిపేవాడే బాధ్యుడని కూడా చెప్పింది. అంటే ఇది “సర్కారు గొడవ” అని దులుపుకొనేది కాదు.

అందుకని ఆ సోదరునికి మేము చెప్పింది ఇదే: బండి ఆపండి, బాగు చేయించండి, ఆ తర్వాతే జనాన్ని ఎక్కించండి. చెప్పడం మాకు తేలిక, ఆయనకు కష్టం. అందుకే మాట ఇక్కడితో ఆగడానికి వీల్లేదు. ఆయనకు ఆగమని చెప్పే హక్కు మనకుంటే, ఆగిన రోజుల్లో ఆయన ఇంటి పొయ్యి గురించి అడిగే బాధ్యత కూడా మన మీద ఉంది.

జమాఅత్ పెద్దలకు, బైతుల్‌మాల్ కమిటీలకు మేము గుర్తుచేయదలచింది ఒకటుంది. “కారున్నవాడికి జకాత్ ఏమిటి?” అని చాలా చోట్ల అంటుంటారు. హనఫీ ఫిఖహ్‌లో మనిషి వృత్తి పనిముట్లు నిసాబ్ లెక్కలోకి రావు. దర్జీకి మిషను ఎలాగో, కిరాయి నడుపుకొనే డ్రైవరుకు కారు అలాగే. అవసరాలకు మించి, అప్పులు పోను నిసాబ్‌కు సరిపడే ఆస్తి లేనివాడైతే, సయ్యదు కాకపోతే, బయట కారు నిలిపి ఉన్నా ఆయన జకాత్‌కు అర్హుడే. జకాత్ వద్దనుకొనే అభిమానవంతునికి ఖర్జె హసనా ఇవ్వండి, కిరాయిలు నడిచాక తీరుస్తారు. అయితే జకాత్ సొమ్మును ఆయన చేతికే ఇచ్చి ఆయన్ని యజమానిని చేయండి. మెకానిక్ బిల్లును కమిటీయే నేరుగా కట్టదలిస్తే ముందుగా ఆయన అనుమతి తీసుకోండి, లేకపోతే జకాత్ చెల్లదు.